ఏటి ఒడ్డున దుమ్ముగూడెం

భద్రాచలంలో బస్సెక్కి గోదావరి ఒడ్డు వెంబడి పైకి పోతే సుమారు పాతిక కిలోమీటర్లకు దుమ్ముగూడెం వస్తుంది. ఒక పక్క ఏరు. ఇంకో పక్క అడవి. నడుమ ఊరు. చూడటానికి అన్ని ఊళ్లలాగే ఉంటుంది.

కానీ ఈ ఊరికి పెద్ద చరిత్ర ఉంది. చరిత్ర అంటే రాజుల కథ ఒక్కటే అనుకుంటాం. చిన్న ఊరికి కూడా చరిత్ర ఉంటుంది. అది తెలిస్తే మన భూమి, మన ఏరు, మన కాగితాలు ఇవాళ ఇలా ఎందుకు ఉన్నాయో తెలుస్తుంది. అందుకే ఈ ఊరి కథ చదువుదాం.

అడవి, ఏరు, గూడెం

గూడెం అంటే అడవిలో, అడవి పక్కన ఉండే చిన్న ఊరు. ఈ చుట్టుపక్కల గూడేలలో కోయవాళ్లు తరతరాలుగా ఉంటున్నారు. వాళ్లు తమను తాము కోయితోర్ అని చెప్పుకుంటారు. వాళ్లకు సొంత భాష ఉంది. అది గోండు భాషకు దగ్గర చుట్టం.

అడవే వాళ్లకు గాదె. ఇప్పపువ్వు ఏరుతారు. చింతపండు రాలుస్తారు. తునికాకు కోస్తారు. పోడు కొట్టి జొన్న చల్లుతారు. ఏట్లో చేపలు పడతారు.

దుమ్ముగూడెం మండలంలోనే పర్ణశాల ఉంది. సీతారాములు వనవాసంలో అక్కడ ఉన్నారని జనం నమ్మకం. సీతమ్మ నారచీరలు ఆరేసిన బండలు ఇవేనని యాత్రికులకు చూపిస్తారు. అది జనం తరతరాలుగా చెప్పుకున్న కథ. ఇక కాగితం మీద రాసి ఉన్న చరిత్రలోకి వద్దాం.

ఏరు దాటితే వేరే రాజ్యం

160 ఏళ్ల కిందటి దాకా గోదావరి రెండు ఒడ్లూ హైదరాబాదు నిజాం రాజ్యంలోనే ఉండేవి. 1860లో నిజాం నవాబుకు, ఇంగ్లీషు ప్రభుత్వానికి ఒక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం భద్రాచలం, దుమ్ముగూడెం ఉన్న ఒడ్డు ఇంగ్లీషువాళ్లకు పోయింది. అవతలి ఒడ్డు నిజాం దగ్గరే ఉండిపోయింది.

ఊళ్లో మనుషులు కదల్లేదు. ఇళ్లు కదల్లేదు. కానీ ఒక్క సంతకంతో ఏరు సరిహద్దు అయిపోయింది. ఈ ఒడ్డున ఇంగ్లీషు రూపాయి. అవతలొడ్డున నిజాం సిక్కా. ఈ ఒడ్డున ఒక చట్టం, ఆ ఒడ్డున ఇంకొక చట్టం. ఏరు దాటి ఆడపిల్లను ఇస్తే వేరే రాజ్యానికి ఇచ్చినట్టే. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసేదాకా ఇట్లాగే నడిచింది.

పడవల కోసం ఆనకట్ట

దుమ్ముగూడెం దగ్గర గోదావరికి అడ్డంగా పాత రాతి ఆనకట్ట ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పేరు చాలామంది విని ఉంటారు. ఆర్థర్ కాటన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దాన్ని 1852 నాటికి కట్టించాడు. అది పొలాలకు నీళ్లు పారించడానికి కట్టింది.

దుమ్ముగూడెం ఆనకట్ట సంగతి వేరు. దాన్ని పడవల కోసం కట్టారు.

ఎందుకంటే అప్పటికి నాగపూర్ వైపు రైలు లేదు. అక్కడ పత్తి బాగా పండుతుంది. ఆ పత్తిని బండ్ల మీద సముద్రం దాకా తేవాలంటే నెలలు పట్టేది. గోదావరి మీద పడవల్లో తెస్తే సులువు, ఖర్చు తక్కువ అని కాటన్ చెప్పాడు.

అదే సమయంలో అమెరికాలో పెద్ద యుద్ధం వచ్చింది. 1861 నుంచి 1865 దాకా ఆ దేశం వాళ్లు వాళ్లలో వాళ్లే కొట్టుకున్నారు. అమెరికా పత్తి ఇంగ్లండు మిల్లులకు సరిగా అందలేదు. దాంతో ఇంగ్లండుకు మన దేశం పత్తి మీద కన్ను పడింది. గోదావరి పడవల దారి పని జోరందుకుంది. ఎక్కడో అమెరికాలో యుద్ధం జరిగితే దుమ్ముగూడెంలో రాళ్లు పేర్చారు!

ఈ పనిని హేగ్ అనే ఇంజనీరు దగ్గరుండి నడిపించాడు.

పడవ మెట్లు ఎక్కడం ఎలా?

దుమ్ముగూడెం దగ్గర గోదావరి అడుగున బండరాళ్లు ఉన్నాయి. నీళ్లు బండల మీది నుంచి కిందికి దూకుతాయి. పడవ అక్కడ పైకి ఎక్కలేదు. ఎక్కించాలంటే లాకు కావాలి.

లాకు ఎలా పని చేస్తుందో చూద్దాం. ఏటి పక్కన ఒక కాలువ తవ్వుతారు. ఆ కాలువలో రాతితో గది లాంటి తొట్టి కడతారు. తొట్టికి రెండు చివరలా పెద్ద తలుపులు ఉంటాయి. కింది నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి వస్తుంది. వెనక తలుపు మూస్తారు. ముందు వైపు తూము తెరుస్తారు. పైనుంచి నీళ్లు వచ్చి తొట్టి నిండుతుంది. నీళ్లు పెరిగేకొద్దీ పడవ కూడా లేస్తుంది.

గాబులో ఖాళీ చెంబు వేసి నీళ్లు పోసి చూడండి. నీళ్లతోపాటు చెంబు తేలుతూ పైకి వస్తుంది. ఇదీ అంతే. తొట్టి నిండాక ముందు తలుపు తీస్తారు. పడవ పై నీళ్లలోకి వెళ్లిపోతుంది.

పని ఎందుకు ఆగిపోయింది?

ఇంత కష్టపడి మొదలుపెట్టిన పని పదేళ్లకే ఆగిపోయింది. దానికి మూడు కారణాలు.

మొదటిది, గోదావరి ఏడాది పొడుగునా నిండుగా పారదు. వానాకాలంలో ఉరుకుతుంది. ఎండాకాలంలో ఇసుక తేలుతుంది. పడవలు నడిచేది కొన్ని నెలలే.

రెండోది, జ్వరాలు. ఈ అడవి ప్రాంతంలో మలేరియా ఎక్కువ. పనికి వచ్చినవాళ్లు జ్వరాలతో మంచం పట్టారు.

మూడోది, రైలు. 1867లో బొంబాయి నుంచి నాగపూర్ దాకా రైలు వచ్చింది. పత్తి రైలెక్కి పోయింది. ఇక పడవల దారితో పనేమిటి అన్నారు. 1871లో పని ఆపేశారు.

దొరలు వెళ్లిపోయారు. ఆనకట్ట మిగిలింది. కాటన్ పేరు, హేగ్ పేరు పుస్తకాల్లో ఉన్నాయి. ఎండలో రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఆ పుస్తకాల్లో వెతికినా కనిపించవు.

కోయ మాటలు రాసిన దొర, లేసు అల్లిన ఆడవాళ్లు

ఆనకట్ట పని జరిగే రోజుల్లోనే దుమ్ముగూడెంలో క్రైస్తవ మిషను మొదలైంది. 1870ల్లో జాన్ కెయిన్ అనే పాదిరి ఇక్కడికి వచ్చి చాలా ఏళ్లు ఉన్నాడు. ఆయన కోయ భాష నేర్చుకున్నాడు. కోయవాళ్ల మాటలు, ఆచారాలు, ఈ తాలూకా సంగతులు రాసి ఇండియన్ ఆంటిక్వరీ అనే ఇంగ్లీషు పత్రికలో అచ్చు వేయించాడు. ఆయన రాసింది ఇప్పటికీ చదువుకున్నవాళ్లు తీసి చూస్తుంటారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కోయవాళ్ల గురించి అందులో ఉన్నది బయటి మనిషి చూసి రాసింది. ఆయనకు ఏది వింతగా తోచిందో అది రాశాడు. గూడెం ఆడవాళ్లు చెప్పుకుంటే ఇంకోలా ఉండేది. రాయడం వచ్చినవాళ్లు రాసిందే తర్వాతి వాళ్లకు చరిత్ర అవుతుంది.

మిషను దొరసానులు ఇక్కడి ఆడవాళ్లకు లేసు అల్లడం నేర్పారు. సన్న దారంతో పువ్వులు, ఆకులు వచ్చేటట్టు అల్లేవారు. ఆ లేసుకు ఊరి పేరే వచ్చింది. దుమ్ముగూడెం లేసు అనే పేరుతో దూరదేశాల్లో అమ్ముడుపోయింది. దొరసానుల గుడ్డల అంచులకు, బల్లల మీద పరిచే గుడ్డలకు కుట్టుకున్నారు. ఈ ఊరి పేరు సముద్రం దాటించింది ఆడవాళ్ల చేతి పనే.

పోడు మీద పన్ను

ఇంగ్లీషువాళ్ల చేతిలోకి వచ్చాక కూడా ఈ ప్రాంతం ఒక్కచోట నిలవలేదు. మొదట దీన్ని మధ్య పరగణాలలో కలిపారు. జిల్లా కచేరీ సిరొంచలో ఉండేది. 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకు మార్చారు. కచేరీ కాకినాడకు పోయింది.

కచేరీ మారితే గూడేనికి ఏమిటి అనుకోవచ్చు. కానీ పెద్ద తేడా వచ్చింది. కొత్త ప్రభుత్వం పోడు మీద పన్ను పెంచింది. కొన్ని అడవులలో చెట్టు కొట్టరాదని అడ్డుపెట్టింది. రేకపల్లి వైపు జనం మండిపడ్డారు. 1879లో రంప దగ్గర తిరుగుబాటు లేచింది. అది రేకపల్లి దాకా పాకింది. ప్రభుత్వం సైన్యాన్ని దించి అణిచివేసింది.

ఒక కాగితం మారింది. దాని దెబ్బ పోడు కొట్టుకునేవాళ్ల మీద పడింది.

ఒక అమ్మ, నాలుగు రాష్ట్రాలు

1950లో దుమ్ముగూడెంలో పుట్టిన ఒక అమ్మను తలుచుకుందాం. ఆమె ఊరు దాటి ఎక్కడా కాపురం ఉండలేదనుకుందాం. అయినా ఆమె నాలుగు రాష్ట్రాలలో ఉంది. ఎలాగో చూడండి.

పుట్టినప్పుడు ఊరు మద్రాసు రాష్ట్రంలో ఉంది. జిల్లా తూర్పు గోదావరి.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని కర్నూలు.

1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. రాజధాని హైదరాబాదు.

1959లో భద్రాచలం ప్రాంతాన్ని తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు.

1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన తెరిచారు. దాంతో ఖమ్మం, కొత్తగూడెం దగ్గరైనట్టయింది. అంతకుముందు ఏరు దాటాలంటే పడవే గతి.

2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది.

నాలుగు రాష్ట్రాలు, మూడు జిల్లాలు. ఆమె ఇల్లు మాత్రం అదే.

2014లో ఇంకొకటి జరిగింది. పోలవరం ప్రాజెక్టు కోసం ఈ చుట్టుపక్కల కొన్ని మండలాలను, ఊళ్లను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పక్కనున్న ఎటపాక కూడా అటు పోయింది. దుమ్ముగూడెం తెలంగాణలోనే ఉంది. అందుకే ఇవాళ భద్రాచలంలో బస్సెక్కి దుమ్ముగూడెం పోతుంటే నడుమ కొంత దూరం ఆంధ్రప్రదేశ్ వస్తుంది. బస్సు దిగకుండానే ఒక రాష్ట్రం దాటి, ఇంకో రాష్ట్రం దాటి మళ్లీ మొదటి రాష్ట్రంలోకి వస్తాం.

ఇందులో మనకు పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. ఒకే ఇంట్లో పాత కాగితాల మీద తూర్పు గోదావరి అని, కొన్నిటి మీద ఖమ్మం అని, కొత్తవాటి మీద భద్రాద్రి కొత్తగూడెం అని ఉండవచ్చు. అన్నీ ఒక్క ఊరివే. జిల్లా పేరు వేరే ఉందని పాత కాగితాన్ని పారెయ్యకూడదు. భద్రంగా దాచుకోవాలి.

వరద చెప్పే లెక్క

ఏటి ఒడ్డు ఊరికి వరద తప్పదు. భద్రాచలం దగ్గర గోదావరి నీటి మట్టాన్ని అడుగులలో కొలుస్తారు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక. 48 అడుగులకు రెండో హెచ్చరిక. 53 అడుగులకు మూడో హెచ్చరిక.

1986 ఆగస్టులో నీళ్లు 75.6 అడుగులకు వచ్చాయి. అంటే మూడో హెచ్చరిక కంటే 22 అడుగులకు పైగా ఎక్కువ. నలుగురు మనుషులను ఒకరిమీద ఒకరిని నిలబెట్టినంత ఎత్తు! 2022 జూలైలో మళ్లీ 71 అడుగులు దాటింది. ఒడ్డున ఉన్న ఊళ్లను ఖాళీ చేయించారు.

వరద వచ్చినప్పుడు టీవీలో, దండోరాలో ఈ అంకెలే చెబుతారు. ఏ అంకెకు మన వీధిలోకి నీళ్లు వస్తాయో ఇంటి గోడ మీద గుర్తు పెట్టుకోవడం మంచిది. హెచ్చరిక వినగానే పిల్లలను, ముసలివాళ్లను, గొడ్లను ముందు మెరక మీదికి చేర్చాలి. భూమి కాగితాలు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి చేతికి అందేచోట ఉంచుకోవాలి.

భూమి కాగితం

రోడ్లు వచ్చాయి. వంతెన వచ్చింది. వాటితోపాటు అప్పులిచ్చేవాళ్లు, భూములు కొనేవాళ్లు కూడా వచ్చారు. చదువురాని గిరిజనుల చేత వేలిముద్ర వేయించుకుని ఏజెన్సీలో ఎన్నో భూములు రాయించుకున్నారు.

దీన్ని ఆపడానికి 1959లో ఒక చట్టం చేశారు. 1970లో దాన్ని ఇంకా గట్టి చేశారు. దాన్నే 1/70 చట్టం అంటారు. ఏజెన్సీలో భూమిని గిరిజనులు కానివాళ్లకు అమ్మడం, రాసివ్వడం చెల్లదని ఈ చట్టం చెబుతుంది. తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నా అది చెల్లదు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 కంటే ముందు నుంచి అడవి భూమిని సాగు చేసుకుంటున్న గిరిజనులకు ఆ భూమి మీద హక్కు ఇస్తుంది. పెళ్లైనవాళ్లకు ఆ పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఇవ్వాలి. 2023లో తెలంగాణలో చాలామందికి పోడు పట్టాలు ఇచ్చారు. ఇంట్లో అలాంటి పట్టా ఉంటే దాన్ని తీసి చూడాలి. అందులో భార్య పేరు ఉందా? పేరు సరిగా రాశారా? ఎంత భూమి అని ఉంది? పక్కవాళ్లు చెప్పేదాకా ఆగనక్కర్లేదు. ఇప్పుడు మనమే చదువుకోవచ్చు.

మళ్లీ ఆనకట్ట దగ్గర పని

దొరలు వదిలిపోయిన ఆనకట్ట దగ్గర మళ్లీ పని మొదలైంది. 2016లో సీతారామ ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన చేశారు. ఇక్కడి గోదావరి నీళ్లను పంపులతో ఎత్తి ఖమ్మం వైపు పొలాలకు ఇవ్వాలని ఆ పథకం. ఆనకట్ట దగ్గరే సీతమ్మ సాగర్ అనే కొత్త బ్యారేజీ పని కూడా చేపట్టారు.

దూరపు పొలాలకు నీళ్లు రావడం మంచిదే. కానీ బ్యారేజీ కడితే ఏటి ఒడ్డున కరకట్టలు కట్టాలి. దానికి భూములు కావాలి. ఒడ్డున సాగు చేసుకునేవాళ్లకు ఆ భూమే అన్నం.

1860లో ఊరిని రాసిచ్చినప్పుడు ఊరివాళ్లను ఎవరూ అడగలేదు. ఆనకట్ట మొదలుపెట్టినప్పుడూ అడగలేదు, ఆపినప్పుడూ అడగలేదు. ఇప్పుడు చట్టం మారింది. 1996లో వచ్చిన పెసా చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి తీసుకునే ముందు గ్రామసభతోగానీ పంచాయతీతోగానీ సంప్రదించాలి. అంటే ఊరివాళ్లను అడగాలి. గ్రామసభలో ఆడవాళ్లకు కూడా మాట్లాడే హక్కు ఉంది.

గ్రామసభకు పోతే రిజిస్టరులో సంతకం పెట్టమంటారు. పెట్టే ముందు పైన ఏమి రాశారో చదవాలి. తేదీ చూడాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదు. ఏ సర్వే నంబరు భూమి? ఎంత భూమి? బదులుగా ఏమి ఇస్తారు? అని అడగాలి. జవాబు కాగితం మీద రాసి ఇమ్మనాలి.

దుమ్ముగూడెం కథలో ప్రతి మలుపునా ఒక కాగితం ఉంది. ఆ కాగితాలు ఎక్కడో దూరంగా రాశారు. ఊరివాళ్లు వాటిని చదవలేకపోయారు. ఇప్పుడు ఊళ్లో చదివేవాళ్లు ఉన్నారు. ఆడవాళ్లు కూడా చదువుతున్నారు. ఈసారి వచ్చే కాగితాన్ని ఊరు ముందు చదివి, తర్వాతే సంతకం పెడుతుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. దుమ్ముగూడెం ఆనకట్టను ఎందుకు కట్టారు? పని ఎందుకు ఆగిపోయింది?
2. మీ ఇంట్లో ఉన్న పాత కాగితాల మీద ఏ జిల్లా పేరు ఉంది?
3. 1986 వరదలో మీ ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? పెద్దవాళ్లను అడిగి రాయండి.
4. మీ ఇంటి భూమి పట్టా ఎవరి పేరు మీద ఉంది?
5. మీ ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది? మీ అమ్మమ్మనో, నాయనమ్మనో అడగండి. ఆమె చెప్పినది ఐదు వాక్యాలలో రాయండి. కింద ఆమె పేరు కూడా రాయండి.

కొత్త మాటలు

ఆనకట్ట – ఏటికి అడ్డంగా కట్టిన గోడ
లాకు – పడవలను పైకి ఎక్కించడానికి, కిందికి దించడానికి కాలువలో కట్టిన తలుపుల తొట్టి
కచేరీ – ప్రభుత్వ ఆఫీసు
కరకట్ట – నీళ్లు ఊళ్లోకి, పొలాల్లోకి రాకుండా ఏటి ఒడ్డున వేసే కట్ట
పట్టా – భూమి ఎవరిదో తెలిపే కాగితం